డాక్టరమ్మ బేబీకారులో జీపింజను

మొన్న మా మనవడు ఓ పాత చిన్నకారు నడుపుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపాడు. ఆపాడన్నమాటే గానీ, వీధి మలుపు తిరగకముందే దాని గర్జన ఇంట్లోకి వచ్చేసింది. కారు వయసు వాడి వయసుకంటే ఎక్కువట. దాని ఇంజను పీకించేసి, రెండింతల బలమున్న ఇంకో ఇంజను పెట్టించాడట. బానెట్టు ఎత్తి చూపించాడు. లోపల పెళ్ళివారింటి స్టీలు సామానులా అంతా తళతళలాడిపోతోంది. ఏ గొట్టం ఏ దేశం నించి తెప్పించాడో, కంప్యూటరు పెట్టి ఎలా సరిచూశారో పూసగుచ్చినట్టు చెప్పాడు. "ఇంజను సరే, ఇంత బలానికి వెనక ఇరుసు ఆగుతుందిట్రా?" అని అడిగాను. వాడు నవ్వేసి, "అవన్నీ నీకు అర్థం కావులే నానీ" అన్నాడు, అమ్మమ్మనని కూడా చూడకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పని మీ ముత్తాత అనకాపల్లిలో, కరెంటు లేని రేకుల షెడ్డులో ఎప్పుడో చేశాడ్రా అన్నాను. "అవునా నానీ, సూపర్" అని ఫోను చూసుకోవడం మొదలెట్టాడు. వాడికి చెప్పలేకపోయినది ఇలా కాగితం మీద పెడుతున్నాను. చదివితే చదువుతాడు, లేకపోతే లేదు.

మా ఇల్లు ముందు, మా అబ్బా, అంటే మా నాన్న షెడ్డు వెనక. మధ్యలో గోనెపట్టాలు కుట్టి వేలాడదీసిన పరదా. దానికి అటువైపు కిరసనాయిలు, కాలిన మడ్డి, ఇనపరజను వాసన. ఇటువైపు వేగుతున్న ఉల్లిపాయలు, మా దాదీ తెల్లవారుతూనే వేసే సాంబ్రాణి. గాలి ఎటు వీస్తే అటు వాసనలు కలిసిపోయేవి గనక మా ఇంట్లో పులుసు ఎప్పుడూ కొంచెం కిరసనాయిలు వాసన వేసేదని అమ్మీ జీవితాంతం విసుక్కుంది. అబ్బా పొద్దున్నే నమాజు చేసుకుని, చాయ్ తాగి, పరదా ఎత్తుకుని అటు వెళ్ళేవాడు. మధ్యాహ్నం అన్నానికి కేకేస్తే "వత్తన్నా" అనేవాడు. ఆ "వత్తన్నా" అన్నం చల్లారి, కూర చల్లారి, అమ్మీ కోపం కూడా చల్లారేదాకా సాగేది. ఆనక చింతపండూ బూడిదా కలిపి చేతులు తోముకుని కూచునేవాడు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు ఇంకొకరైతే ఆ చేతులు దాచుకుందురు. మా అబ్బా పదిమందికీ కనిపించేట్టు చాచి మాట్లాడేవాడు.

వినయమనేది మా అబ్బాకి బొత్తిగా తెలీదు. చెరుకు గానుగల ఇనపరోళ్ళు, పొలాల ఆయిలింజన్లు, యుద్ధం రోజుల్లో బొగ్గు మంట మీద నడిచిన బస్సులు, ఏది పాడైనా మా షెడ్డుకే వచ్చేది. బాగుచేసిన ప్రతిసారీ, "విశాఖపట్నం నించి ఇచ్ఛాపురం దాకా నాలాటి మేస్త్రీని ఒకడ్ని సూపించండి, నేను ఈ సుత్తి గెడ్డలో పారేత్తాను" అనేవాడు. వినేవాళ్ళు నవ్వేవారు. నవ్వుతూనే బండి అప్పగించి వెళ్ళేవారు. ఇంత గొప్పలు పోయే మనిషి ఒక్కరి ముందు మాత్రం నోరెత్తేవాడు కాదు. అది వాళ్ళమ్మ, మా దాదీ. దాదీ ఎక్కకుండా మా షెడ్డు నించి ఏ బండీ సొంతదారు చేతికి పోయేది కాదు. ఇది మా ఇంటి రివాజు. బస్సయితే ముందు సీట్లో కూచుని ఒక ఊరు దాకా వెళ్ళొచ్చేది. గానుగయితే మొదటి చెరుకుగడ తనే పెట్టేది. ఆయిలింజనైతే చెయ్యి ఆనించి, బిస్మిల్లా అని ఓసారి ఊదేది. ఆమె దిగి "బాగున్నాది బేటా, పంపించీ" అంటేనే అబ్బా తాళం అప్పగించేవాడు. దాదీకి చూపు బాగా తగ్గిపోయింది గనక చెయ్యి పట్టుకుని ఎక్కించి దించడానికి ప్రతి బండిలోనూ నేను కూడా వెళ్ళేదాన్ని. అలా అనకాపల్లిలో ఏ ఆడపిల్లా ఎక్కనన్ని బండ్లు నేను పన్నెండు పదమూడేళ్ళకే ఎక్కేశాను.

డాక్టర్ సుభద్రమ్మ గారిది బేబీకారు. చిన్నకార్లని అప్పుడందరూ అలాగే అనేవారు. నలుగురు కూచుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. డాక్టరమ్మ మాత్రం ఎత్తరి, భారీ మనిషి. గళ్ళ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చెప్పులు విప్పేసి వట్టికాళ్ళతో కారు నడిపేది. ఆవిడ గొంతు బజారు ఈ చివర ఎత్తితే ఆ చివర బెల్లం దుకాణాల్లో వినిపించేది. మగవాళ్ళు కూడా ఆవిడ కారు వస్తోందంటే బండ్లు పక్కకి లాగేసేవారు. కారుకి భయపడి కాదు, ఆవిడ తిట్లకి. కానీ ఆ చుట్టుపక్కల ఎస్. రాయవరం నించి నాతవరం దాకా ఎవరింట్లో ఆడమనిషి నొప్పులు పడుతున్నా ఆవిడ అన్నం ముందు నించి లేచి వెళ్ళేది. ఎంగిలి చెయ్యి తలుపుకి తుడుచుకుని వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. అంతటి మనిషిని ఆ తరవాత మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ కారుకి ముసలితనం వచ్చేసింది. డాక్టరమ్మ ఒక్కర్తినీ అయితే మోసేది, ఇద్దరైతే మూలిగేది. మాకవరపాలెం దగ్గర మా అబ్బా స్నేహితుడు అప్పలనాయుడని ఒక చెరుకు రైతు ఉండేవాడు. వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. నాయుడి కూతురు పైడమ్మ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. కాన్పు కష్టమైంది. డాక్టరమ్మ వెళ్ళి చూసి, ఇక్కడ కాదు, అనకాపల్లిలో నా ఆసుపత్రికి తీసుకుపోవాలి అంది. పైడమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరారు. దారిలో గెడ్డ ఉంది. ఇసకలోకి దిగి, నీళ్ళు దాటి, అవతలి గట్టెక్కాలి. ఆ గట్టు నిట్టనిలువు. బరువుతో కారు సగం ఎక్కి జారిపోయింది. మళ్ళీ ఎక్కి మళ్ళీ జారింది. నాయుడు దిగి తోశాడు, దారినపోయే వాళ్ళు తోశారు, డాక్టరమ్మ కూడా దిగి తోసింది. ఎడ్లని తెచ్చి కట్టి లాగించేసరికి పొద్దు వాలిపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

ఆ తరవాత ఏడాది పైనే గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం డాక్టరమ్మ కారుని షెడ్డులోకి తెచ్చి, దిగి, దాని బానెట్టు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. పరదా వెనక అన్నం తింటున్న మాకు పళ్ళేలు అదిరినట్టయింది.

"సాయిబూ! దీన్ని తీసి అవతల పారెయ్. దీనికంటే బలమైన ఇంజను పెట్టు."

"ఈ కారుకి అంతకంటే ఇంజను లేదమ్మగోరూ," అన్నాడు అబ్బా. "ఇంకో కారు తీసుకోండి."

"యుద్ధం అయిపోయినా కొత్త కార్లు ఎక్కడ దొరుకుతున్నాయి? పేరు రాయించుకుని కూచోమంటున్నారు. నేను కూచుంటాను, పైడమ్మ కూచుంటుందా? దానికి మళ్ళీ నెల తప్పింది. గానుగలాడే రోజులకి నెలలు నిండుతాయి. నేను దాని మొహం చూసి ఈసారి నీకేం కాదని చెప్పొచ్చాను. చెప్పింది నేను, చెయ్యాల్సింది నువ్వు. చేతనవుతుందా, కాదా?"

చేతకాదు అనే మాట అబ్బా నోట్లో పుట్టలేదు. అన్నం చెయ్యి అలాగే పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. తల వంచి కిందకి చూశాడు. "నాయుడు బావ కూతురంటే నా మేనకోడలే కాదేటి," అన్నాడు చివరికి. "గానుగలు మొదలెట్టేలోపు ఇచ్చేత్తాను."

యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వదిలేసిన సామాను విశాఖపట్నంలో గుట్టలుగా పడుంది. అందులో తిరగబడి నుజ్జయిన ఒక జీపుంది. ఒళ్ళు పాడైంది గానీ ఇంజను బాగుంది. నాయుడు తన ఎడ్లబండి కట్టుకెళ్ళి, ఆ ఇంజనునీ దాని గేరుబాక్సునీ ఎండుగడ్డిలో పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి తెచ్చాడు. దారంతా అడిగినవాళ్ళకి "మా బావకి జబ్బుగా ఉన్నాది, పట్నం నించి తెత్తన్నాను" అని చెప్పాడట. షెడ్డులో దింపి దుప్పటి తీశారు. అది కారు ముక్కులో పట్టేది కాదని నాక్కూడా తెలుస్తోంది. "ఓలమ్మో, గంపలో గేదెని కుక్కమన్నట్టున్నాది" అన్నాడు నాయుడు. "గంప కొయ్యాలి" అన్నాడు అబ్బా.

నిజంగా కోశాడు. ఇంజనుకీ మనుషులకీ మధ్య ఉండే రేకుగోడని కోసి లోపలికి జరిపాడు. గేరుబాక్సు కోసం నేల రేకు కోశాడు. బానెట్టు పక్క రేకులు మూతపడకపోతే వాటిని పీకి గోడకి చేరేశాడు. బరువుకి ముందుభాగం చతికిలబడిపోతే, పాత బస్సు కమానుల్లోంచి, అంటే స్ప్రింగుల్లోంచి, పట్టీలు తీసి కమాను బలపరిచాడు. వెనక్కి బలం తీసుకెళ్ళే ఇనపకడ్డీని కత్తిరించి మళ్ళీ అతికాడు. అతుకు సరిగా రాలేదు, వంకర తిరిగింది. తిట్టుకుంటూ విప్పి మళ్ళీ చేశాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలన్నీ ఇంజను మాటలే. అన్నం తింటూ తింటూ అబ్బా పప్పులో వేలుతో గీతలు గీసి, ఏ గొట్టం ఎటు తిప్పాలో చూసుకునేవాడు. అమ్మీ వచ్చి ఆ గీతల మీద చారు పోసేసేది. "అల్లా! నా రేడియేటరు ముంచేసేవు" అని అరిచేవాడు. మేమంతా పడిపడి నవ్వేవాళ్ళం.

రేడియేటరు దగ్గరే అసలు చిక్కొచ్చింది. ఇంజను వేడెక్కకుండా చుట్టూ నీళ్ళు తిరుగుతుండాలి, ఆ నీళ్ళని రేడియేటరు చల్లబరచాలి. జీపుది ఎప్పుడో పచ్చడైపోయింది, బేబీకారుది మరీ చిన్నది. దానికి అదనంగా ఒక తొట్టి కలపాలి, తొట్టికి రాగిరేకు కావాలి. రాగి ఎక్కడా దొరకడం లేదు. దాదీకి పుట్టింటివారిచ్చిన రాగి గంగాళం ఉండేది. చలికాలం అందరి స్నానాలకీ నీళ్ళు కాగేది దాన్లోనే. అబ్బా దాన్ని చూశాడు గానీ అడగలేదు. దాదీ తనే పొద్దున్న చాయ్ తాగుతూ, "తీసుకుపోరా, ఊరికే దొంగసూపులు సూత్తావేటి" అంది. ఇచ్చేసిందే గానీ, ఆ చలికాలమంతా మట్టికుండలో కాగిన నీళ్ళు పోసుకుంటూ ప్రతి చెంబుకీ అబ్బాని ఒక మాట అంది.

గంగాళం కోసి తొట్టి చేశాడు. అతకడానికి తగరం చాలలేదు. అడుగు కుట్టు ఒకటి మిగిలిపోయింది. విశాఖపట్నం నించి తగరం వచ్చేదాకా ఉంటుందిలెమ్మని, ఆ కుట్టుకి బెల్లమూ సున్నమూ నూరి పట్టించాడు. చదివేవాళ్ళు నవ్వొచ్చు. మా వైపు అది నవ్వులాట కాదు. కుండ చిల్లిపడినా, తొట్టి పగులిచ్చినా బెల్లం సున్నం పెట్టేవారు, ఆరితే రాయిలా బిగుసుకునేది. చల్లటి నీళ్ళు పోసి చూశాడు, చుక్క కారలేదు. ఊళ్ళో ఓ చుట్టు తిప్పాడు, అప్పుడూ కారలేదు. ఇంజను మోగుతుంటే వీధిలో జనం అరుగుల మీదకొచ్చి నిలబడ్డారు. అంత చిన్న కారులోంచి అంత పెద్ద గొంతు ఎవరూ విని ఉండలేదు. అబ్బా ఛాతీ చూడాలి, చొక్కా గుండీలు తెగిపోతాయేమో అనిపించింది.

గానుగలు మొదలయ్యాయి గానీ తగరం ఇంకా రాలేదు, ఈలోగా కబురొచ్చింది. ఒక పొద్దున్న నాయుడి పాలికాపు సైకిలు తొక్కుకుంటూ రొప్పుతూ వచ్చాడు. పైడమ్మకి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. వాడి వెనకే డాక్టరమ్మ జట్కాలో దిగింది.

"కారు నడుస్తుందా?"

"నడుత్తాది గానీ అమ్మగోరూ, ఒక కుట్టు..."

"నడుస్తుందా, నడవదా?"

"నడుత్తాది. క్లచ్చి మాత్రం మెల్లిగా వొదలండి. ఒక్కసారి వొదిలేరంటే ఎనక ఇరుసు రెండు ముక్కలైపోద్ది. ఇంకోటి, ఎల్లడానికి సేసేను గానీ ఆపడానికి బ్రేకులు పాతవే. నేనూ వత్తాను."

"మీ అమ్మ ఎక్కలేదు కదా ఇంకా," అంది అమ్మీ పరదా వెనక నించి. అంతే, అబ్బా కాలు ఆగిపోయింది. డాక్టరమ్మ అతని మొహం చూసి, "ఎక్కండి ముసలమ్మగారూ, ఎక్కండి, మిమ్మల్ని వదిలి వెళితే ఈ మేస్త్రీ కారు కదలనివ్వడు, బేగి ఎక్కండి" అని దాదీని చంక కింద చెయ్యేసి ఎత్తి కూచోబెట్టింది. ఆవిడ వెనకే నేను.

ఆ ప్రయాణం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. కారు పరుగు అనేది అదే మొదటిసారి ఎరగడం. దుమ్ము వెనకే ఉండిపోయేది, మమ్మల్ని అందుకోలేకపోయేది. గెడ్డ గట్టు దిగి అవతలికి ఎలా ఎక్కామో కూడా తెలీలేదు. రోడ్డుకి అటూ ఇటూ గానుగలు ఆడుతున్నాయి, పెనాల్లో చెరుకురసం ఉడుకుతోంది. ఆ రోజుల్లో ఆ దారి పొడవునా బెల్లం వాసనే. ఊపిరి పీలిస్తే గొంతు తియ్యనయ్యేది. మాకూ బెల్లం వాసన వేసింది. బాగా వేసింది. "ఈ ఏడు పాకం బాగా కుదిరింది" అన్నాడు అబ్బా హాయిగా. ఇంకే ఊరివాళ్ళయినా కారులో బెల్లం వాసనేమిటని దిగి చూసుందురు. అనకాపల్లి వాళ్ళం, గానుగల రోజుల్లో బెల్లం వాసన వేస్తే ఎవరం దిగి చూస్తాం!

పైడమ్మ మంచం మీద చెమటతో తడిసి ఉంది. డాక్టరమ్మ లోపలికెళ్ళి వచ్చి, "బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషను చెయ్యాలి, ఎక్కించండి" అంది. అబ్బా ఈలోగా రేడియేటరులో నీళ్ళు తగ్గాయని ఒక బిందెడు పోశాడు. పెద్ద ఇంజను కదా, ఎక్కువ తాగుతుంది అనుకున్నాడట. వెనక సీట్లో పైడమ్మని పడుకోబెట్టి ఆమె తల నా ఒళ్ళో పెట్టారు. దాదీ ముందు సీట్లో డాక్టరమ్మ పక్కన కూచుంది. అబ్బా ఒకవైపు, నాయుడు ఒకవైపు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డారు. పాత ఇంజనైతే అంతమందిని చూసే ఆగిపోయేది. ఇది కదిలింది.

గెడ్డలో ఇసకలోకి దిగాం. కారు మెల్లిగా పోతోంది. ముందు సీట్లోంచి దాదీ ముక్కు ఎగబీలుస్తూ, "బేటా, పాకం మాడతన్నాది" అంది.

"నాయుడు బావ పొయ్యిల వాసనమ్మా."

"నాయుడు పొయ్యిలు ఎనకుండిపోనాయి కదరా. గాలి ఎదురొత్తన్నాది. ఇక్కడ రెల్లుగడ్డీ ఇసకా తప్ప ఏటున్నాది? రెల్లుగడ్డితో ఎవుడైనా బెల్లం వొండుతాడేటి?"

అబ్బా ఫుట్‌బోర్డు మీంచి వంగి చూశాడు. పక్కరేకులు లేవు గనక అంతా కనిపిస్తోంది. రాగితొట్టి అడుగు నించి గోధుమరంగు పాకం తీగలు తీగలుగా కారుతోంది, దాని వెనకే నీళ్ళు. "నా బెల్లమే" అన్నాడు. అతని గొంతు అలా సన్నగా అవడం నేను ఎప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ ఇంజను ఆపకుండానే అడిగింది. "బాగుచెయ్యడానికి ఎంతసేపు?"

"కొలిమి ఉండాలి, తగరం ఉండాలి. పూటంతా పడతాది."

"నీళ్ళు లేకుండా నడిపితే?"

"ఇంజను బిగుసుకుపోద్ది. మరింక తిరగదు. ఎప్పటికీ."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి పైడమ్మని చూసింది. "పూట లేదు సాయిబూ. ఈ పిల్ల దగ్గర అంత టైము లేదు."

అబ్బా ఇంజను వంక చూశాడు. ఎన్నాళ్ళు, ఎన్ని వంకర అతుకులు, ఎన్ని చల్లారిన అన్నాలు! నేను అతన్నే చూస్తున్నాను. రెప్పపాటు కంటే ఎక్కువ ఆలోచించలేదు. "అయితే ఆపకండి" అన్నాడు. "ఆపితే ఈ వేడిమీద మళ్ళీ స్టార్టవదు. నీళ్ళు నేను పోత్తాను. ఉన్నకాడికి పోత్తాను. సత్తే సావనీండి, మీరు మాత్రం కాలు తియ్యొద్దు." అంటూనే రేడియేటరు మూత గోనెగుడ్డతో పట్టుకుని తిప్పేశాడు. వేడినీళ్ళు చిమ్మి మోచెయ్యి దాకా కాలింది. నాయుడు గెడ్డలోకి దూకి తలపాగా ముంచి ముంచి తెచ్చి పిండాడు. దాదీ తన చెంబు అందించింది.

అవతలి గట్టు కింద పైడమ్మ కళ్ళు తెరిచింది. పడుకునే పైకి చూసి గుర్తుపట్టేసింది. నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజులు రెండు చిట్లిపోయాయి. "అయ్యా," అని తండ్రిని పిలిచింది, "అదే గట్టేటి?"

నాయుడు అబద్ధమాడలేదు. "అదేనమ్మా. కళ్ళు మూసుకో" అన్నాడు.

డాక్టరమ్మ క్లచ్చి మెల్లిగా, చంటిపిల్లని మంచం మీద దింపినంత మెల్లిగా వదిలింది. ఇంజను ఒక్కసారి గర్జించింది. కారు ముక్కు ఆకాశంలోకి లేచింది. ఇసక జారింది, చక్రాలు పట్టుకున్నాయి. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఎక్కడా ఆగలేదు, జారలేదు, ఎవరూ తొయ్యలేదు. పైకొచ్చి సమంగా నిలబడేసరికి నాయుడు ఫుట్‌బోర్డు మీద నించే చిన్నపిల్లాడిలా ఏడ్చేస్తూ, "ఎక్కేసినాం పైడీ! ఎక్కేసినాం!" అని అరిచాడు. నేనూ ఏడ్చాను. నాకిప్పుడు ఇది రాస్తుంటే కూడా కళ్ళు నిండుతున్నాయి, సిగ్గేం లేదు.

అక్కణ్ణించి మళ్ళీ చెరుకు పొలాలు. అబ్బా ముందు మడ్‌గార్డు మీదకి పాకి కూచున్నాడు, ఒక చేత్తో కారు హెడ్‌లైటు పట్టుకుని. "నీల్లు! నీల్లు తెండ్రా! బేగి!" అని నాయుడు కేకలు. గానుగల దగ్గర మనుషులకి మొదట అర్థం కాలేదు. తరవాత వాళ్ళలో ఎవరో కారుని, అబ్బాని, ఆవిరిని, లోపల పడుకున్న మనిషిని చూశారు. అంతే. కుండలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేశారు. కారు ఆగదు, వాళ్ళూ ఆగరు. పక్కనే పరిగెడుతూ కుండ అందించేవారు, అబ్బా ఒంచేవాడు, ఖాళీ కుండ పొలంలోకి విసిరేవాడు. ఒక గానుగ వాళ్ళు అలిసిపోయేసరికి ముందు గానుగ వాళ్ళు కేకలు విని నీళ్ళతో సిద్ధంగా నిలబడి ఉండేవారు. పెనం కింద మంట చూసుకోవాల్సిన వాళ్ళు, పాకం మాడిపోతుందని తెలిసి కూడా వచ్చారు. కొంగు నడుముకి బిగించిన ఒక ముసలామె అందరికంటే ఎక్కువ దూరం పరిగెత్తింది. ఆమె పేరు తెలీదు, మొహం మాత్రం మరిచిపోలేదు.

పొలాలు అయిపోయాక నీళ్ళూ అయిపోయాయి. ఊరు కనిపిస్తుండగా ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది. అబ్బా వినడం మానేసినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. డాక్టరమ్మ కాలు తియ్యలేదు. బజారులో జనం గోడలకి అతుక్కుపోయారు. ఆసుపత్రి గుమ్మంలోకి మలుపు తిరుగుతుండగా ఇనుము ఇనుముని కొరికిన చప్పుడొకటి వచ్చింది. కారు దానంతటదే మెట్ల దాకా దొర్లి ఆగిపోయింది. పైడమ్మని లోపలికి మోసుకుపోయారు. తలుపులు మూసేశారు. దాదీ మెట్ల మీదే కూచుని తస్బీ జపమాల తీసుకుంది. అబ్బా చేతికి కట్టు కట్టించుకోకుండానే నలుగురిని పోగుచేసి కారుని షెడ్డుకి తోయించుకుపోయాడు. అక్కడ నిలబడి ఆ తలుపు వంక చూడలేకపోయాడని నాకు తరవాత తెలిసింది.

ఇప్పుడు ఆ గెడ్డ మీద వంతెనుంది. ఫోను చేస్తే కూతపెట్టుకుంటూ బండి వస్తుంది, అందులో మంచం, మందులు, నర్సు. నేను వాటిని చిన్నచూపు చూసే మనిషిని కాను. నా ఇద్దరు మనవరాళ్ళు అలాంటి బండ్ల పుణ్యాన బతికి బట్టకట్టారు. మా మనవడి కారు ఇంజను కూడా గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ వాడు ఇంజను ఎందుకు మార్చాడని అడిగితే, రోడ్డు మీద అందర్నీ దాటుకుపోవచ్చు నానీ అన్నాడు. అదీ సరదాయే, వయసు. అప్పట్లో ఒక చిన్నకారులో పెద్ద ఇంజను పెట్టడానికి ఒక డాక్టరు మొహంలో మొహం పెట్టి ఇచ్చిన మాట కావలసొచ్చింది, ఒక ముసలామె గంగాళం కావలసొచ్చింది, ఒక స్నేహితుడి ఎడ్లు కావలసొచ్చాయి, అది నడవడానికి పేరు తెలియని గానుగల మనుషులంతా కావలసొచ్చారు. అంతమంది పట్టే పని ఇప్పుడు ఏదీ కనపడదు నాకు. నాకు కనపడనంత మాత్రాన లేదని కాదు, అదీ ఒప్పుకుంటాను.

ఆ సాయంత్రం నేను చాయ్ తీసుకుని పరదా ఎత్తుకుని షెడ్డులోకి వెళ్ళాను. అబ్బా ఇంజను తల విప్పి, బోర్లించిన పెట్టె మీద కూచుని ఉన్నాడు. కాలిన చేతికి అమ్మీ కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టింది. నేను గ్లాసు అందిస్తుండగానే నాయుడు వచ్చాడు. ఆసుపత్రి నించి నడిచే వచ్చాడు, తలపాగా లేదు. అబ్బా లేచి నిలబడ్డాడు గానీ అడగలేదు. నాయుడు కూడా ముందు ఇంజను వంకే చూశాడు.

"ఏటి బావా, ఇది?"

"అయిపోనాది బావా. పిస్టన్లు కరుసుకుపోనాయి. ఇంక తిరగదు." అబ్బా గుడ్డ చుట్టిన చేత్తో ఆ ఇనుముని ఒకసారి తడిమాడు. "పైడమ్మ?"

"కళ్ళు తెరిసినాది. మంచినీల్లు అడిగినాది. ఆడగుంట."

"గుంట ఏడిసిందా?"

"ఏడిసినాది."

"గట్టిగా?"

"బయట జట్కా గుర్రం బెదిరిపోనాది, బావా."

అబ్బా పెట్టె మీద కూలబడ్డాడు. నా చేతిలోంచి చాయ్ గ్లాసు తీసుకుని, తాగకుండా నాయుడికి అందించాడు. "అయితే ఇంజను బాగానే సేసేను," అన్నాడు.